రాగ్‌టైమ్: నల్లవారి లయ, నాట్యశాలల బాణీ

1899వ సంవత్సరమున అమెరికాలోని మిస్సోరి రాష్ట్రమునందు, సెడేలియా అను రైల్వే పట్టణమున, జాన్ స్టార్క్ అను సంగీత ప్రచురణకర్త ఒక పియానో రచనను అచ్చువేసెను. దాని పేరు ‘మేపుల్ లీఫ్ రాగ్’. కర్త స్కాట్ జోప్లిన్ అను నల్లజాతి విద్వాంసుడు. అమ్ముడైన ప్రతి యొక్కింటికి ఒక సెంటు చొప్పున కర్తకు ముట్టవలెనని ఒప్పందము. ఆ ప్రతిని తెరచి చూచినవారికి స్వరముల పైభాగమున ‘టెంపో ది మార్చియా’ అను ఇటాలియను సూచన కనబడును. మార్చ్ నడకలో వాయింపుడని దాని భావము. బానిసత్వమునుండి విడివడిన తండ్రికి పుట్టి, టెక్సస్ సరిహద్దు పట్టణమున పెరిగి, మద్యశాలలలోను క్లబ్బులలోను పియానో వాయించి పొట్టపోసికొనుచుండిన ఒక మనుష్యుడు తన రచనకు నడక నిర్ణయింపవలసివచ్చినపుడు ఇటలీ పండితుల పరిభాషను, సైనిక వాద్యబృందముల పదగతిని ఆశ్రయించెను. ఆ సూచన వెనుక నూరేండ్ల చరిత్ర కలదు.

రాగ్‌టైమ్ అనినంతనే అది కేవలము ఆఫ్రికా లయయొక్క ఉద్వేగమని, చదువుతోను శాస్త్రముతోను పనిలేక పుట్టిన కేళీసంగీతమని తలచువారు కలరు. అందుకు ప్రతిగా, అది ఐరోపా మార్చ్‌కు తగిలించిన కొలదిపాటి అలంకారమే గాని వేరొండు గాదని చులకన చేసినవారును లేకపోలేదు. రాగ్‌టైమ్ రచనలలో ఉత్తమమైనదానిని ముందు పెట్టుకొని ఒక్కమారు సావధానముగా పరిశీలించినచో ఈ రెండభిప్రాయములలో నేదియు నిలువదు. దాని కట్టడి ఐరోపా నాట్యములనుండి వచ్చినది. దాని స్వరసమ్మేళనము, వ్రాతపద్ధతి ఐరోపా శాస్త్రీయ సంగీతమునుండి వచ్చినవి. ఆ కట్టడిని కదలించి ప్రాణము పోసిన లయ నల్లవారిది. వీనిలో ఒకదానిని తీసివేసినను మిగిలినది రాగ్‌టైమ్ అనిపించుకొనదు.

ఈ సమాగమము ఆకస్మికముగా జరిగినది కాదు. బానిసత్వము సాగుచుండిన దినములలో, అమెరికా దక్షిణ రాష్ట్రములలోని తోటల యజమానుల ఇండ్లలో విందులు జరిగినపుడు వాయులీనము వాయించువాడు పెక్కుచోట్ల ఒక బానిసయే. తన బానిస జీవితమును 1853లో గ్రంథముగా వెలువరించిన సాలమన్ నార్థప్ అట్టి వాయులీనకారుడు. దొరలును దొరసానులును ఆడునవి సముద్రము దాటి వచ్చిన నాట్యములు: నాలుగు జంటలు చతురస్రముగా నిలిచి యాడు క్వాడ్రిల్, దానికి జ్ఞాతియైన కొటిలియన్, స్కాట్లండు ఐర్లండుల రీల్. వాటి వరుసలన్నియు ఆ వాయిద్యకారునికి కరతలామలకములు. ఉత్తరమున ఫిలడెల్ఫియాలో ఫ్రాన్సిస్ జాన్సన్ అను నల్లజాతి బ్యాండు నాయకుడు 1818లోనే కొటిలియన్ల సంపుటము నొకదానిని ముద్రింపించెను. 1837లో తన బృందమును వెంటగొని ఇంగ్లండునకు పోయి అచట కచేరీలు చేసెను. కావున ఐరోపా నాట్యసంగీతము నల్లవారు దూరమునుండి విని యనుకరించిన పరాయి సొత్తు కాదు. తరతరములుగా అది వారి వ్రేళ్ళమీదుగనే నడచినది.

అటుపిమ్మట పోల్కా వచ్చెను. బొహీమియాలో 1830ల ప్రాంతమున వ్యాపించిన ఈ జంటనాట్యము 1840లలో పారిస్ నగరమును ఉఱ్ఱూతలూగించి, 1844 నాటికి అమెరికా చేరెను. దాని వెనువెంటనే కొంచెము నెమ్మదియైన షాటిష్, అంతకుముందే వచ్చియున్న వాల్ట్జ్. ఈ నాట్యముల వరుసలకు ఒక సామాన్య లక్షణము కలదు. ఆడువారి పాదములకు లెక్క కుదురవలెను గనుక, పాశ్చాత్యులు బార్ అని పిలుచు ఆవర్తములు ఎనిమిదో పదునారో కలిసి ఒక వరుసగా ఏర్పడును, ఆ వరుస మరల వాయింపబడును, తరువాత దానికి సంబంధము లేని క్రొత్త వరుస వచ్చును, అదియు రెండుమారులు. ఒకే భావమును పట్టుకొని విస్తరించుచు పోవుట నాట్యసంగీతము పని కాదు. నాలుగైదు వరుసలను పూసలవలె గ్రుచ్చి, ఒకదానినుండి వేరొకదానికి మారునపుడు ఆడువారికి నూతనోత్సాహము కలిగించుటయే దాని ధర్మము. రాగ్‌టైమ్ రచనలు నేటికిని ఈ ధర్మమునే పాటించుచున్నవి.

దొరల నాట్యశాలలను చూచి బానిసలు తమ వాడలలో ఆడుకొనిన కేక్‌వాక్ నిక్కడ మరువరాదు. జంటలు జంటలుగా వరుసదీరి, యజమానుల ఠీవిని, వారి వంగి నమస్కరించు తీరును అతిశయోక్తిగా అభినయించుచు నడచిపోవుట ఆ యాట. మిక్కిలి సొగసుగా నడచిన జంటకు కేకు బహుమానము. అనుకరణము, పరిహాసము, పోటీ మూడును కలసిన ఈ నడక 1890లలో రంగస్థలమెక్కి దేశమంతట ప్రాకెను. రాగ్‌టైమ్‌కు పూర్వరంగము సిద్ధపరచినది ఇదియే.

ఐనను, రాగ్‌టైమ్ శరీరనిర్మాణమునకు అన్నింటికంటె దగ్గర చుట్టము మార్చ్. అంతర్యుద్ధము 1865లో ముగిసిన పిదప అమెరికాలో ఇత్తడి వాద్యముల బ్యాండు లేని పట్టణము లేదనదగినంతగా ఆ సంగీతము విస్తరించెను. ఉద్యానవనములలో ఆదివారపు కచేరీలు, ఎన్నికల ఊరేగింపులు, నల్లవారి సంఘముల ఉత్సవములు, అన్నింటికిని బ్యాండే. జాన్ ఫిలిప్ సౌసా 1889లో రచించిన ‘ది వాషింగ్టన్ పోస్ట్’ అను మార్చ్ కవాతు మైదానమునుండి తిన్నగా నాట్యశాలకు నడచి వచ్చి టూ-స్టెప్ అను క్రొత్త నాట్యమునకు ఆధారమయ్యెను. నాటినుండి మార్చ్ అనగా నాట్యసంగీతమే. తొలినాటి రాగ్‌టైమ్ ప్రతులపై మార్చ్ అనియు టూ-స్టెప్ అనియు పేర్లు కలసి కనబడుటకు కారణమిదియే. జోప్లిన్ సెడేలియాలో క్వీన్ సిటీ కార్నెట్ బ్యాండునందు కార్నెట్ ఊదినవాడు. మార్చ్ కట్టడిని పుస్తకమున చదివి గాక పెదవులతో నేర్చెను. రాగ్‌లకంటె ముందు, 1896లోనే, ఆయన రెండు మార్చ్‌లను, ఒక వాల్ట్జ్‌ను ప్రకటించియుండెను.

సౌసా మార్చ్‌లలో మొదటి రెండు వరుసలు ఒక శ్రుతిలో నడచును. పిదప ‘ట్రియో’ అను మూడవ వరుస వచ్చునపుడు ఆధారషడ్జము మారును. పూర్వపు మధ్యమమే ఇపుడు షడ్జమగును. మన విద్వాంసులు కొన్ని రచనలను మధ్యమశ్రుతిలో పాడునపుడు కలుగు ఆ చల్లని మార్పు నెరిగిన తెలుగు శ్రోతకు దీనిని వేరుగ వివరింపనక్కరలేదు. ‘మేపుల్ లీఫ్ రాగ్’లో అక్షరాల నిదియే జరుగుచున్నది. పదునారేసి ఆవర్తముల నాలుగు వరుసలు. మొదటి రెండును ఏ-ఫ్లాట్ శ్రుతిలో. రెండవదాని తరువాత మొదటిది మరొక్కసారి పలుకరించిపోవును. అంతట ట్రియో డి-ఫ్లాట్‌కు దిగును, అనగా మధ్యమమునకు. కడపటి వరుసలో మరల మొదటి శ్రుతి. మార్చ్ రచనలు ట్రియో శ్రుతియందే ముగియుట పరిపాటి. జోప్లిన్ ఇంటికి తిరిగి వచ్చెను. కట్టడిని స్వీకరించినవాడు దానికి దాసుడు కాలేదనుటకు ఈ చిన్న మార్పు చాలును.

ఐరోపా బ్యాండు బాణీలు సామ్రాజ్యముల వెంట ఎంత దూరము పోయినవో తలచుకొనినచో ఆశ్చర్యము కలుగును. మద్రాసులో ఆంగ్లేయుల బ్యాండ్లు వాయించుచుండిన మార్చ్‌లు, నాట్యపు వరుసలు ముత్తుస్వామి దీక్షితులవారి చెవిని బడి, శంకరాభరణ స్వరములలో ఇమిడి, సంస్కృత సాహిత్యమును ధరించి నోట్టుస్వరములై వెలసినవి. దీక్షితులు ఆ బాణీల సరళిని యథాతథముగ నిలిపి, వాటిలో దేవతాస్తుతిని నింపెను. అమెరికా నల్లవారు అదే జాతి బాణీలను చేకొని వాటి నడకనే మార్చివేసిరి. రెండు చోట్లను స్వీకరించినవాడు చేతగాక స్వీకరింపలేదు. తనకు గల సంపదతో దానిని ఎదుర్కొనెను.

ఆ నడక యెట్లు మారినదో కొంచెము దగ్గరగా చూడవలసియున్నది. పియానోపై ఎడమచేయి బ్యాండు పని చేయును. మంద్రస్వరమొకటి, దానికి బదులుగా పైన రెండు మూడు స్వరముల గుత్తి యొకటి, మరల మంద్రము, మరల గుత్తి; బ్యాండులో ట్యూబా ఊదినపుడును, దానికి బదులుగా కొమ్ములు పలికినపుడును వినవచ్చు శబ్దమిదియే. ఒక ఆవర్తమును ఎనిమిది అక్షరములుగా విభజించినచో ఎడమచేతి దెబ్బలు ఒకటి, మూడు, ఐదు, ఏడు అక్షరములపై గడియారమువలె తప్పక పడుచుండును. పోల్కా వాయించు బొహీమియా వాద్యకారుడైనను ఇంతవరకు చేయును. కుడిచేయి ఆ ఎనిమిది అక్షరములనే ‘తకిట తకిట తక’ అని పంచుకొనును. మొదటి ‘త’ ఎడమచేతి దెబ్బతో కలియును. రెండవ ‘తకిట’లోని ‘త’ నాలుగవ అక్షరముపై, ఎడమచేయి మౌనముగా నున్న సందున పడును. చివరి ‘త’ ఏడవ అక్షరమున మరల ఎడమచేతితో సమావేశమగును. చదువరి ఎడమచేతితో తొడపై సమముగా తాళము వేయుచు నోటితో ఈ జతిని వల్లించి చూచినచో, రాగ్‌టైమ్ రహస్యములో సగము అనుభవమునకు వచ్చును. ఎడమచేయి తడబడినచో కుడిచేతి విరుపు విరుపుగా తోచదు. ఐరోపా మార్చ్ యొక్క కఠినమైన క్రమశిక్షణ లేనిదే ఆఫ్రికా వారసుల లయచమత్కారము వినబడు మార్గమే లేదు.

ఇదే జతి మరియొక దారిని కూడ అమెరికా చేరినది. ఇంగ్లండు పల్లెల కంట్రీ డాన్స్ ఫ్రాన్సున కాంట్రడాన్స్ అయ్యెను. స్పెయిను ద్వారా క్యూబాకు పోయి కాంట్రడాంజా అయ్యెను. అచటి నల్లవారి చేతిలో ఎడమచేతి మంద్రమే విరిగి హబనేరా పుట్టెను. క్యూబాకు ఎదుటి తీరమున న్యూ ఓర్లియన్స్ కలదు. ఆ నగరమున 1829లో జన్మించిన లూయీ మొరో గాట్‌షాక్ బాల్యముననే పారిస్ పోయి పియానో నభ్యసించి, తన జన్మస్థలపు క్రియోల్ పాటల జ్ఞాపకముతో ‘బాంబులా’ను, నల్లవారి వాద్యమును పియానోపై పలికించుచు ‘ది బాంజో’ను రచించెను. రాగ్‌టైమ్ పుట్టుటకు నలువదేండ్లకు ముందే ఈ రచనలలో దాని ఛాయ పొడగట్టును. జోప్లిన్ 1909లో ప్రకటించిన ‘సొలేస్’ హబనేరా నడకలోనిదే. దాని విషాదమధురిమకు సాటివచ్చునవి ఆయన రచనలలోనే కొలది. న్యూ ఓర్లియన్స్‌వాడే యగు జెల్లీ రోల్ మోర్టన్ 1938లో వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కొరకు జానపదసంగీత సంగ్రాహకుడగు అలన్ లోమాక్స్ ముందు పియానోవద్ద కూర్చుండి, ప్రాతకాలపు ఫ్రెంచి క్వాడ్రిల్ భాగముల నొక్కొక్కటిగా వాయించి, అవే ‘టైగర్ రాగ్’గా నెట్లు మారినవో ప్రదర్శించెను. ఆ రచన జన్మను గూర్చి ఆయన చెప్పుకొనిన గొప్పను చరిత్రకారులందరు అంగీకరింపలేదు. ఐనను క్వాడ్రిల్ ఎట్లు రాగ్ కాగలదో ఆ ధ్వనిముద్రణము చెప్పినంత స్పష్టముగా వేరొండు చెప్పజాలదు.

ఇక శాస్త్రీయ సంగీతపు మాట. జోప్లిన్ పెరిగిన టెక్సర్కానాలో ఆయన తల్లి తెల్లవారి ఇండ్లలో పాచిపని చేయుచు, ఆ యిండ్లలోని పియానోపై కుమారుడు అభ్యసించుకొనుటకు అనుమతి సంపాదించినది. తండ్రి వాయులీనమును, తల్లి బాంజోను వాయింపగలవారు. జర్మనీనుండి వచ్చి ఆ పట్టణమున ఒక కలప వర్తకుని బిడ్డలకు పాఠములు చెప్పుచుండిన జూలియస్ వైస్ అను యూదు ఉపాధ్యాయుడు ఈ బాలుని ప్రతిభను గుర్తించి, రుసుము పుచ్చుకొనక విద్య నేర్పెను. ఐరోపా మహారచయితల కృతులను వినిపించి, సంగీతము వినోదమాత్రము గాక కళయు, విద్యయు నగునని బోధించెను. వృద్ధుడై పేదరికమున నున్న గురువునకు శిష్యుడు పిమ్మట ధనము పంపుచుండెనని జోప్లిన్ భార్య చెప్పినది. ఒక ప్రవాసి జర్మనుకును ఒక విముక్త బానిస కుమారునకును నడుమ, వర్ణభేదము కరడుగట్టిన ఆ దేశమున, ఇట్టి గురుశిష్య సంబంధ మేర్పడుట నా దృష్టిలో రాగ్‌టైమ్ చరిత్రయంతటిలోను మిక్కిలి పూజనీయమైన ఘట్టము. సెడేలియాలో నల్లవారికై నెలకొల్పబడిన జార్జ్ ఆర్. స్మిత్ కళాశాలలో జోప్లిన్ చేరి సంగీతవిద్యను సాగించెను. 1901లో సెయింట్ లూయీ నగరపు వాద్యబృంద నిర్దేశకుడు, జర్మనీ దేశీయుడు ఆల్‌ఫ్రెడ్ ఎర్న్‌స్ట్ పత్రికాముఖమున ఆయనను మిక్కిలి కొనియాడి, వాగ్నరు ‘టాన్‌హాయిజర్’ భాగములను తాను వినిపింపగా ఆయన పరవశించెనని తెలిపెను.

ఈ విద్య ఫలితము స్వరములలో కనబడును. ‘మేపుల్ లీఫ్ రాగ్’ మొదటి వరుస నడుమ, ప్రకాశవంతమైన మేజర్ శ్రుతి హఠాత్తుగా మైనర్ ఛాయకు తిరిగి, మంద్రమునుండి తారము వరకు స్వరములు మెట్లుమెట్లుగా ఎగబ్రాకును. షూబర్ట్, షోపేన్ వంటివారి పియానో రచనలలో అడుగడుగునను కనబడు వెలుగునీడల ఆట యిది. కడపటి సంవత్సరములలో, 1914లో ప్రకటించిన ‘మాగ్నెటిక్ రాగ్’కు జోప్లిన్ ‘సింకొపేషన్ క్లాసీక్’ అను ఫ్రెంచి ఉపశీర్షిక తగిలించి, లోపలి వరుసలలో మైనర్ శ్రుతుల చీకటిని ధైర్యముగా ప్రవేశపెట్టెను. స్టార్క్ తాను ప్రచురించిన రచనలను ‘క్లాసిక్ రాగ్’లని వ్యవహరించెను, వర్తకుని ఆడంబరమని దానిని త్రోసిపుచ్చరాదు. జోప్లిన్, ఆయన వెనుక జేమ్స్ స్కాట్, జోసెఫ్ లాంబ్, తమ రచనలలోని ప్రతి స్వరమును వ్రాతలో స్థిరపరచిరి. తోచినట్లు కల్పనలు చేయక, షోపేన్ కృతిని వాయించునంత భక్తితో వ్రాసినది వ్రాసినట్లు వాయింపవలెనని వారి యాశయము. 1908లో జోప్లిన్ ‘స్కూల్ ఆఫ్ రాగ్‌టైమ్’ అను పేర ఆరు అభ్యాసములను ప్రకటించి, నెమ్మదిగా వాయింపుడని హెచ్చరించెను. మద్యశాలలలో వేగపు పందెములు జరుగుచుండిన దినములలో ఇది ఏటికెదురీదుటయే.

నాట్యము, శాస్త్రము, లయ మూడును మిక్కిలి పొందికగా కలిసిన రచన యేదని ప్రశ్నించినచో నేను ‘మేపుల్ లీఫ్’ను గాని, జనాదరణము పొందిన 1902 నాటి ‘ది ఎంటర్‌టెయినర్’ను గాని చెప్పను, 1905 నాటి ‘బెథీనా’ను చెప్పుదును. ‘కాన్సర్ట్ వాల్ట్జ్’ అని దానికి ఉపశీర్షిక. వియన్నా నగరపు త్ర్యశ్రగతిలో రాగ్ విరుపులు ఇముడునని అంతకుముందు ఎవరు నమ్మియుందురు? మూడు దెబ్బల నిదానమైన ఊపుమీద కుడిచేతి స్వరములు కాలమును తప్పించుకొనుచు, మరల కలిసికొనుచు సాగును. శ్రుతినుండి శ్రుతికి మారుటలో ఆయన తక్కిన రాగ్‌లలో లేని స్వేచ్ఛ కలదు. అది వినునపుడు వియన్నా ఎచట ముగిసినదో, మిస్సోరి ఎచట మొదలైనదో తెలియదు.

ఈ శాస్త్రీయాశయమే జోప్లిన్‌ను ‘ట్రీమనీషా’ అను ఒపేరా వైపు నడపెను. ప్రస్తావనావాద్యము, ఏకగానములు, బృందగానములు, సంగీతసంభాషణలు, అన్నియు ఐరోపా ఒపేరా మర్యాదలో వ్రాసి, కడపట నల్లవారి స్లో డ్రాగ్ నాట్యముతో ముగించి, ప్రచురణకర్త దొరకకపోగా 1911లో స్వంత ధనముతో అచ్చువేసికొనెను. 1915లో హార్లెమ్‌లో దృశ్యాలంకరణములు గాని వాద్యబృందము గాని లేక, తాను పియానోవద్ద కూర్చుండి దానిని వినిపించెను, ఆదరణ లభింపలేదు. 1917 ఏప్రిల్ 1న ఆయన మరణించెను. రాగ్‌టైమ్ రచయితకు ఒపేరా యెందుకని నాటి లోకము తలచినది. చేతికి చిక్కిన కట్టడిని ఇంత చక్కగా వశపరచుకొనినవానికి పెద్ద కట్టడిపై అధికారము లేదనుట అన్యాయము.

రాకపోకలు ఒకవైపే సాగలేదు. లిస్ట్ హంగేరియన్ రాప్సడీని 1913లో జూలియస్ లెంజ్‌బర్గ్ ‘హంగేరియన్ రాగ్’గాను, రాఖ్మనినోవ్ ప్రెల్యూడ్‌ను 1918లో జార్జ్ కాబ్ ‘రష్యన్ రాగ్’గాను మలచిరి, వీనిలో గారడి పాలు హెచ్చు, కళ తక్కువ. ఆవలి తీరమున డెబ్యూసీ తన కుమార్తెకై వ్రాసిన ‘చిల్డ్రన్స్ కార్నర్’లో, 1908లో, ఒక కేక్‌వాక్ చేర్చి, దాని నడుమ వాగ్నరు ‘ట్రిస్టన్’ స్వరములను సున్నితముగా ఆటపట్టించెను. స్ట్రావిన్‌స్కీ 1918లో పదునొకండు వాద్యములకు ‘రాగ్‌టైమ్’ను, మరుసటి సంవత్సరము పియానోకు వేరొకదానిని రచించెను. పోల్కాను, క్వాడ్రిల్‌ను పంపిన ఖండము వాటి మనుమలను తిరిగి ఆహ్వానించెను.

జోప్లిన్ సమాధిపై ఆయన పేరు చెక్కిన ఫలకము 1974 వరకు లేదు. 1970లో జాషువా రిఫ్కిన్ ఆయన రచనలను షోపేన్‌కు తగు గౌరవముతో, నిదానముగా వాయించి రికార్డు చేయుట, 1973లో ‘ది స్టింగ్’ చలనచిత్రమున అవి వినబడుట లోకము దృష్టిని మరల్చినవి. ‘ట్రీమనీషా’ 1972లో అట్లాంటాలో పూర్ణరూపమున రంగమెక్కెను; 1976లో పులిట్జర్ సంస్థ ఆయనకు మరణానంతర పురస్కార మిచ్చెను. ఇపుడు ఈ రచనలన్నియు ఎవరికైనను సులభముగా వినదొరకుచున్నవి. చదువరులు వేగముగా వాయించు ప్రదర్శకులను విడిచిపెట్టి, రిఫ్కిన్ వాయించిన ‘బెథీనా’ను మొదట ఎడమచేతిపైనే మనస్సు నిలిపి, తరువాత కుడిచేతిపై నిలిపి, రెండుమారులు వినవలసినదిగా నా ప్రార్థన.